కోనసీమ చిరుతిండి – నాడు, నేడు

వేళకు అన్నము తినుట మనుష్యునకు అవసరము. వేళ కాని వేళ ఏదో ఒకటి నోట వేసికొని నములుట అలవాటు. మొదటి దానిని గూర్చి వైద్యులు, పాకశాస్త్రజ్ఞులు ఎంతో వ్రాసిరి. రెండవ దానిని గూర్చి మాత్రము, "చిరుతిండ్లు మరిగినచో అన్నము సహింపదు" అని పిల్లలను కసరుకొనుటతో పెద్దలు సరిపెట్టిరి. అయినను పడవలో, బండిలో, పొలము గట్టున, ఇంటి అరుగు మీద, నలుగురు చేరి కబుర్లు చెప్పుకొను ప్రతి చోట నోరు ఊరకుండదు. "కాలక్షేపము బఠాణీలు" అన్న మాట ఉత్తినే పుట్టలేదు. నమలవలెనను కోరికను చంపుకొమ్మని చెప్పుట సులభము, చంపుకొనుట కష్టము. కాబట్టి ఏది నమిలినచో కడుపు నిండి, ఒంటికి బరువు కాకుండునో విచారించుట మేలు. ఈ విచారణకు కోనసీమ గడచిన రెండు వందల ఏండ్ల చరిత్ర మంచి సాక్ష్యము చెప్పుచున్నది.

ముందుగా ఒక మాట. మనము ఉదయ సాయంకాలములందు తిను ఉపాహారమును "ఫలహారము" అనుచున్నాము. పల్లెలలో అదే "పలారము". ఫలములే ఆహారముగా గలది ఫలాహారము. ఏకాదశి నాడు, శివరాత్రి నాడు ఉపవాసమున్నవారు అన్నము మాని పండ్లో, పచ్చి గింజలో, ఉడికించిన దుంపలో స్వల్పముగా తీసికొనెడివారు. కాలక్రమమున పండ్లు జారిపోయి పేరు మాత్రము మిగిలినది. ఇడ్డెన ఫలహారము, పూరీ ఫలహారము, నూనెలో వేగిన బజ్జీయు ఫలహారమే. పేరు పాతది, పదార్థము క్రొత్తది. కోనసీమలో చిరుతిండికి జరిగినది కూడ ఇంచుమించు ఇదే.

ధవళేశ్వరము వద్ద గోదావరి రెండు పెద్ద పాయలుగా చీలి, తూర్పున గౌతమిగా, పడమట వసిష్ఠగా సముద్రమునకు సాగును. ఆ రెంటి నడుమ నున్న త్రికోణాకారపు లంక భూమియే కోనసీమ. వైనతేయ పాయ దీనిని మరల రెండుగా చీల్చును. అమలాపురము, కొత్తపేట ఒక వైపునను, రాజోలు మరియొక వైపునను నిలిచినవి. చిరకాలము తూర్పు గోదావరి జిల్లాలో భాగమైయున్న ఈ సీమకు, 2022లో అమలాపురము ముఖ్యపట్టణముగా ప్రత్యేక జిల్లా ప్రతిపత్తి లభించెను. నేడు కోనసీమ అనగానే పచ్చని వరిచేలు, కొబ్బరితోటలు, కాలువ గట్లు మన కన్నుల ముందు నిలుచును. ఈ చిత్రము అనాదిగా ఉన్నది కాదు. ఇందలి వరిచేల పచ్చదనము చాల వరకు పందొమ్మిదవ శతాబ్దపు మధ్యభాగమున వచ్చినది.

అంతకు ముందు గోదావరి మండలము కరవులకు, వరదలకు నడుమ నలిగినది. 1833 ప్రాంతమున ఘోరమైన క్షామము వచ్చెను. 1839లో పెనుతుపాను కోరంగి రేవును ముంచెత్తెను. వరద వచ్చినచో పంట కొట్టుకొనిపోవును. వానలు వెనుకబడినచో పక్కనే నది పారుచున్నను చేను ఎండును. 1821, 1841 సంవత్సరముల లెక్కలను పోల్చి చూచినచో ఆ ఇరువది ఏండ్లలో రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య పెరుగుటకు మారుగా బాగుగా తగ్గినట్లు తేలినది. ఈ దురవస్థకు కారణములు విచారించుటకై సర్ హెన్రీ మాంట్‌గొమరీ పంపబడి 1844లో నివేదిక సమర్పించెను. ఆ కాలమందే ఆర్థర్ కాటన్ ఆనకట్టను గూర్చి ప్రతిపాదనలు చేసెను.

అట్టి కాలమున సామాన్య కుటుంబమునకు చిరుతిండి అనునది వినోదము కాదు. ఒక పూట అన్నమునకు మరియొక పూట అన్నమునకు నడుమ ఆకలిని ఆపుట దాని పని. కొన్ని నెలలలో అన్నమునకు బదులుగా నిలుచుట కూడ దాని పనియే. తక్కువ గింజతో, తక్కువ వంటచెరకుతో, నూనె చుక్క లేకుండ కడుపు నింపవలెను. ఈ మూడు నియమములు పేదరికము పెట్టినవి. నేటి వైద్యులు ఒళ్ళు పెరిగినవారికి చెప్పునవి కూడ ఇంచుమించు ఇవియే.

ఈ నియమములకు చక్కగా సరిపోయినది తాటిచెట్టు. దానికి కాలువ నీరు అక్కరలేదు, ఎరువు అక్కరలేదు. ఇసుక దిబ్బ మీదను, పొలము గట్టు మీదను అది పెరుగును. చైత్ర వైశాఖములలో గీత వృత్తివారు గెలలు దింపగా లేత కాయలనుండి ముంజెలు లభించును. శ్రావణ భాద్రపదములలో పండ్లు రాలును. పండు గుజ్జు తినిన పిదప టెంకలను పారవేయక, వదులు నేలలోనో ఇసుకలోనో పాతర వేయుదురు. మూడు నాలుగు నెలలలో టెంకనుండి మొలక భూమిలోనికి దిగి, పిండిపదార్థమును నింపుకొని, వ్రేలి లావున ఊరును. అదియే తేగ. టెంకను పగులగొట్టినచో లోపల తెల్లని మెత్తని బుర్రగుంజు దొరకును. పిల్లలకు అది ప్రీతి. తేగలను త్రవ్వి తీసి, కుండలో పెట్టి కాల్చియో ఉడికించియో తినుట గోదావరి సీమలో నేటికిని కలదు. కార్తీకము మొదలు సంక్రాంతి దాటు వరకు వాటి కాలము.

తేగ తినుట తొందరగా సాగు పని కాదు. పై పొర ఒలువవలెను, నిలువుగా చీల్చవలెను, నడుమ నున్న లేత ఆకు మొలకను, పిల్లలు చందమామ అని పిలుచు దానిని, తీయవలెను, పీచు లాగవలెను, అప్పుడు కొద్ది కొద్దిగా నమలవలెను. నాలుగు తేగలు తినుటకు అరగంట పట్టును. అంతలో కడుపు "ఇక చాలు" అనును. తిండి కడుపులో చేరిన తరువాత ఆ వార్త మెదడునకు అందుటకు కొంత వ్యవధి కావలెనని శరీరశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. వేగముగా మ్రింగు తిండి ఆ వార్త అందకముందే హద్దు దాటును. తేగ వంటి తిండిలో చేతికిని, దవడకును ఉన్న శ్రమయే హద్దు.

తాటిచెట్టు మన నేలకు పాత కాపు. మనము "మన పల్లె తిండి" అని తలచు మరికొన్ని మాత్రము దూరదేశపు వలసలు. జామ, చిలగడదుంప, మొక్కజొన్న, వేరుశనగ, ఈ నాలుగును అమెరికా ఖండములలో పుట్టినవి. పదునైదవ శతాబ్దము చివర ఐరోపా నావికులు ఆ ఖండములను చేరిన తరువాతనే అవి సముద్రములు దాటి మన దేశమునకు వచ్చినవి. అవి కోనసీమ మట్టిలో ఎంతగా కలిసిపోయినవనగా, నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తులేని వర్షాకాలమును, ఉడికించిన చిలగడదుంప లేని శీతకాలమును నేడు ఊహింపలేము. ఇవియు పాత నియమములనే పాటించినవి. నిప్పు, నీరు, ఉప్పు. అంతకు మించి వాటికి ఖర్చు లేదు.

తరువాతి వరుస గింజలది. వడ్లను నానబెట్టి, వేయించి, దంచినచో అటుకులు. వేడి ఇసుకలో వేయించినచో పేలాలు. ఉప్పుడు బియ్యమును వేడి ఇసుకలో పొంగించినచో మరమరాలు. వీటినే రాయలసీమలో బొరుగులు అందురు. కుచేలుడు శ్రీకృష్ణునకు కానుకగా పట్టుకొనిపోయినది అటుకుల మూటయే. భాగవతములోని ఆ కథ తెలుగునాట ఇంటింట తెలిసినదే. పేదవాని ఇంటిలో వండకుండగనే ఇతరునకు పెట్టదగినది అది ఒక్కటియే. లంక గ్రామములకు ఈ గుణము ప్రాణావసరమైనది. గోదావరి పొంగి పొయ్యి తడిసిన దినములలో, నానబెట్టిన అటుకులు, గుప్పెడు మరమరాలు, బెల్లపు ముక్క ఆకలి తీర్చును. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన మహా వరద కాలమున, 1996 నవంబరు 6 నాటి తుపానులో కోనసీమ విలవిలలాడినప్పుడు, నిప్పు అక్కరలేని తిండి విలువ ఎంతటిదో ఆ తరమువారు మరల చూచిరి.

మూడవ వరుస పప్పుధాన్యములది. వరి కోసిన మళ్ళలో మిగిలిన తేమపై పెసలు, మినుములు చల్లుట డెల్టా రైతుల వాడుక. మన పండుగల పట్టిక ఈ అపరాలను చిరుతిండిగా ఇంటింటికి చేర్చెను. శ్రీరామనవమికి నానబెట్టిన పెసరపప్పుతో వడపప్పు, తొలి ఏకాదశికి పేలపిండి, శ్రావణ మంగళవారపు నోములకు, శుక్రవారపు వ్రతములకు వాయనముగా నానిన శనగలు, దసరాలలో గుగ్గిళ్ళు. శ్రావణ మాసములో ముత్తైదువలు పేరంటముల నుండి తెచ్చిన శనగలు ఇంట రాసి పడును. వాటిని ఉడికించి, రెండు ఎండుమిరపకాయలు, కరివేపాకు వేసి తాలింపు పెట్టుదురు. ఆ నెల అంతయు పిల్లలకు బడి నుండి వచ్చిన వెంటనే అదియే తిండి. శాస్త్రము తెలిసి పెట్టిన ఏర్పాటు కాకపోవచ్చును. ఫలితము మాత్రము శాస్త్రసమ్మతము. అన్నము ఎక్కువగా, పప్పు తక్కువగా తిను ఇంటికి మాంసకృత్తులు ఆ దారిని అందినవి.

నాలుగవ వరుస ఆవిరి వంటలది. మినప పిండిని గుడ్డ కట్టిన గిన్నె మీద ఉడికించిన ఆవిరి కుడుము, వినాయకచవితి ఉండ్రాళ్ళు ఈ కోవలోనివి. అంబాజీపేట ప్రాంతపు పొట్టిక్కలు కోనసీమ సొంతమని చెప్పదగినవి. పనసాకులను పుల్లలతో కుట్టి చిన్న బుట్టలుగా చేసి, అందులో ఇడ్డెన పిండి పోసి ఆవిరి మీద ఉడికింతురు. ఆకు వాసన పిండికి పట్టును. నూనెతో పని లేదు.

ఇంత వరకు చెప్పినవన్నియు కొరత నేర్పిన వంటలు. ఇక సమృద్ధి వచ్చిన తీరు చూతము. 1847లో ఆరంభమైన గోదావరి ఆనకట్ట 1852లో పూర్తి అయ్యెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా నదికి అడ్డముగా అది నిలిచెను. వీటిలో ర్యాలి కోనసీమ గడ్డయే. కాలువ నీరు వైనతేయను దాటి రాజోలు వైపు లంకలకు పోవుటకై గన్నవరము వద్ద వంతెన వంటి అక్విడక్టును కట్టిరి. ఏరు మీదుగా మరియొక ఏరు పారుట ఆనాటివారికి వింతయే. వాన కొరకు ఆకాశము వైపు చూచిన రైతు ఇప్పుడు కాలువ తూము వైపు చూడసాగెను. మెట్ట గింజలు వెనుకకు పోయి వరి ముందుకు వచ్చెను. ఆకలి చాల వరకు తగ్గెను. ఇది కాదనరాని మేలు.

అయితే ఆ మేలు వెంట ఒక చిక్కు వచ్చినది. దంపుడు బియ్యము పోయి మర బియ్యము వచ్చినది. మర ఆడించిన కొలది బియ్యము తెల్లనగును; తవుడుతో పాటు బి-1 విటమిను పోవును. దక్షిణ దేశమున పలుచోట్ల ఉప్పుడు బియ్యము తినెడివారు. వడ్లను ఉడికించినప్పుడు విటమిను కొంత గింజ లోపలికి చేరును గనుక వారికి ఈ నష్టము తక్కువ. సర్కారు జిల్లాలలో తెల్లని పచ్చి బియ్యమునకే మర్యాద. అందుచే కాళ్ళు తిమ్మిరెక్కించి గుండెను దెబ్బతీయు బెరిబెరి అను రోగము హిందూదేశమున ముఖ్యముగా ఈ సర్కారు తీరమునే పట్టుకొనెను. కడుపు నిండ అన్నమున్న చోట పోషణ లోపించుట విచిత్రము. సర్ రాబర్టు మెకారిసన్ నీలగిరులలోని కూనూరులో 1918లో ఆరంభించిన బెరిబెరి పరిశోధనయే క్రమముగా పెరిగి పోషకాహార పరిశోధనాలయమైనది. 1937లో డబ్ల్యు. ఆర్. ఐక్రాయిడ్ అక్కడి నుండియే భారతీయాహారముల పోషక విలువల పట్టికను వెలువరించెను. ఆ సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందెను. నేడు మనము ఏ పదార్థమునకు ఎంత శక్తి యని లెక్క చూచు పట్టికల వంశవృక్షము ఈ విధముగా సర్కారు జిల్లాల రోగముతో ముడిపడియున్నది. కడుపు నిండుట వేరు, ఒంటికి పట్టుట వేరు అను పాఠము మన తీరము పెద్ద మూల్యము చెల్లించి నేర్చినది.

సమృద్ధి చిరుతిండిని కూడ మార్చెను. అన్నమునకు లోటు లేనప్పుడు ఆకలి తీర్చు చిరుతిండి అక్కరలేదు. రుచి తీర్చునది కావలెను. బియ్యపుపిండి, శనగపిండి, నూనె, బెల్లము, తరువాత పంచదార చేతికి అందినవి. జంతికలు, చేగోడీలు, అరిసెలు, పోకుండలు పూర్వము పండుగకు మాత్రమే మూకుడు ఎక్కెడివి. క్రమముగా అవి ప్రతి దినము డబ్బాలో ఉండసాగినవి. అంబాజీపేట కొబ్బరి బజారునకు పేరొందినది. అక్కడ కొబ్బరి పరిశోధన కేంద్రము కూడ వెలసినది. కొబ్బరి కోరు, కొబ్బరి ఉండలు, కొబ్బరి లౌజు ఈ సీమ ఇంటి రుచులైనవి. ఇవన్నియు మంచి వంటలే. పండుగ నాటి తిండి దినదినము తినుటలోనే చిక్కున్నది.

ఈ మార్పును ఒకే వంటలో చూడవలెనన్నచో ఆత్రేయపురము పూతరేకును చూడవలెను. బోర్లించిన కుండ క్రింద మంట పెట్టి, పలుచని బియ్యపు పాలలో ముంచిన గుడ్డను కుండ వీపు మీద ఒక్కసారి లాగినచో క్షణములో కాగితము కంటె పలుచని రేకు లేచును. ఆ నేర్పు ఆ గ్రామ స్త్రీలది. 2023లో ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ రేకు దానంతట అది ఎంతో తేలిక. తూచినచో కొద్ది గ్రాములు. బరువంతయు లోపల చల్లు పంచదారది, నేతిది. బాదము, జీడిపప్పు చేరినచో మరింత. పూతరేకు నోట కరగిపోవును. నమలు పని లేదు, కడుపునకు తెలియదు. ఒకటి తినిన చోట మూడు తినుట అందుకే సులభము.

ఈ "బరువు"ను కొలుచు కొలతయే కేలరీ. ఒక కిలోగ్రాము నీటిని ఒక సెంటిగ్రేడు డిగ్రీ వేడెక్కించుటకు పట్టు శక్తిని ఆహారశాస్త్రములో ఒక కేలరీ అందురు. 1820 ప్రాంతమున ఫ్రాన్సులో నికొలా క్లెమాన్ ఆవిరి యంత్రముల పాఠములలో వాడిన ఈ మాటను, ఆ శతాబ్దము చివర అమెరికాలో విల్బర్ అట్వాటర్ మనుష్యుల ఆహారమునకు వర్తింపజేసి ప్రచారము చేసెను. పిండిపదార్థము గ్రామునకు నాలుగు కేలరీలు, మాంసకృత్తులు గ్రామునకు నాలుగు, కొవ్వు గ్రామునకు తొమ్మిది. నీటికిని, అరగని పీచునకును లెక్కింపదగిన శక్తి లేదు. ఈ నాలుగు ముక్కలు గుర్తున్నచో పట్టిక లేకుండగనే చాల సంగతులు తెలిసికొనవచ్చును. నూనె చేరిన కొలది బరువు పెరుగును, నీరు పీచు చేరిన కొలది తగ్గును.

కేలరీలు తక్కువైనంత మాత్రమున కడుపు నిండునా? ఈ ప్రశ్నను 1995లో ఆస్ట్రేలియా దేశములోని సిడ్నీ విశ్వవిద్యాలయములో సుసానా హోల్ట్, ఆమె సహచరులు పరీక్షించిరి. ముప్పది ఎనిమిది పదార్థములను, ప్రతి దానిని సుమారు 240 కేలరీలకు సరిపడునంత పెట్టి, రెండు గంటల పాటు తినినవారి ఆకలిని కొలిచిరి. తెల్ల రొట్టెకు నూరు మార్కులు ఇచ్చి తక్కినవాటిని దానితో పోల్చిరి. ఉడికించిన బంగాళాదుంపకు 323, నారింజకు 202, పేలిన మొక్కజొన్నకు 154 వచ్చినవి. వేయించిన బంగాళాదుంప చిప్సుకు 91, వేరుశనగకు 84, వెన్నతో చేసిన క్రువాసాన్ అను ఫ్రెంచి రొట్టెకు 47 మాత్రమే. ఒకే దుంప ఉడికినప్పుడు మొదటి స్థానము, నూనెలో వేగినప్పుడు తెల్ల రొట్టె కంటె తక్కువ! నీరు, పీచు, మాంసకృత్తులు ఉన్నవి కడుపును నిలిపినవి; కొవ్వు ఎక్కువైనవి నిలుపలేదు.

ఈ కొలతతో మన పాత చిరుతిండ్లను తూచి చూతము. తాటిముంజెలో పదింట తొమ్మిది పాళ్ళు నీరే. నూరు గ్రాములకు నలుబది కేలరీల చుట్టు. జామపండు యాభై నుండి డెబ్బది లోపు. అందు పీచు సమృద్ధి. కొబ్బరిబోండము నీరు నూరు గ్రాములకు ఇరువదికి మించదు. ఉడికించిన శనగలు నూట అరువది చుట్టు ఉన్నను మాంసకృత్తులు, పీచు గలవి గనుక గుప్పెడు తినినచో చాలసేపు ఆకలి వేయదు. ఉడికిన చిలగడదుంప నూరు, నూట ఇరువది. కాల్చిన తేగలో పిండిపదార్థము ఉన్నను పీచు దానిని అదుపులో పెట్టును. వీటికి ఎదురుగా జంతికలు నూరు గ్రాములకు ఐదు వందల చుట్టును, ఎండిన కురిడీ కొబ్బరి ఆరు వందల అరువది వరకును పోవును. కొబ్బరిబోండము నీరు, కురిడీ ఒకే చెట్టు సంతానము. ఒంటికి చేరు బరువులో ఒకటికి ముప్పది రెట్లకు పైగా తేడా.

మరమరాల సంగతి ప్రత్యేకము. ఒక కప్పు మరమరాలు పదునైదు గ్రాములు తూగును. యాభై అరువది కేలరీలకు మించవు. కంటికి కప్పు నిండుగా కనిపించును. కాని అందులో నీరు లేదు, పీచు లేదు. త్వరగా అరిగి మరల ఆకలి పుట్టించును. దీనికి మందు కూడ పాత పద్ధతిలోనే ఉన్నది. ఉడికిన శనగలు, తరిగిన ఉల్లి, కీరదోస, పచ్చిమామిడి, నిమ్మరసము కలిపినచో మరమరాలకు లేని గుణము చేకూరును. అదే మరమరాలలో నూనె తాలింపు, వేయించిన పప్పులు, కారప్పూస కలిపినచో పళ్ళెము మారును. పదార్థము పేరు చూచి తృప్తి పడక, అందు ఏమి కలిపిరో చూడవలెను.

పాతదంతయు తేలిక అనుకొనుట కూడ పొరపాటు. సున్నుండ పాతదే, అరిసె పాతదే. అవి ఎండలో రోజంతయు కష్టించు శరీరమునకు, బాలింతకు, ఎదుగు పిల్లలకు బలము. కుర్చీలో పని చేయువారికి అవి పండుగ నాటి తిండిగా ఉండుట చాలును. చిలగడదుంప, తేగ పిండిపదార్థములే గనుక మధుమేహము గలవారు కొలతగా తినవలెను. కొబ్బరిబోండములో పొటాషియము ఎక్కువ గనుక మూత్రపిండముల జబ్బు గలవారు వైద్యుని అడిగిన పిదపనే త్రాగవలెను. బెల్లము పంచదార కంటె గొప్పదని లెక్క లేకుండ తినుట కూడ తగదు. శక్తి లెక్కలో రెండును ఒకటే.

ఈ సంగతులు ఇంత విపులముగా చెప్పుటకు కారణమున్నది. భారత వైద్య పరిశోధన మండలి సహాయముతో జరిగి 2023లో వెలువడిన దేశవ్యాప్త పరిశీలన ప్రకారము, మన దేశములో పది కోట్లకు పైగా జనులు మధుమేహముతో ఉన్నారు. పెద్దవారిలో నూటికి పదకొండు మందికి పైగా ఈ వ్యాధి గలదు. నూటికి ముప్పది తొమ్మిది మందికి పొట్ట చుట్టు కొవ్వు పెరిగినది. ఒకనాడు బెరిబెరి, నేడు మధుమేహము. రెండింటిలోను పొట్టు తీసిన తెల్లని తిండికి భాగమున్నది. నాడు విటమిను లోపము, నేడు శక్తి మిగులు. ఆనకట్టకు ముందు కోనసీమ ప్రజలు ఏమి తినవలెనని వెదకిరి. నేడు ఏమి మానవలెనని వెదకుచున్నారు. ఈ రెండు వెదకులాటలకును కొన్ని చోట్ల సమాధానము ఒకటే.

ఆ సమాధానము చేజారిపోవు ప్రమాదము కూడ ఉన్నది. తాడిచెట్టు కాపునకు వచ్చుటకు పన్నెండు పదునైదు ఏండ్లు పట్టును. కొట్టుటకు ఒక పూట చాలును. ఇటుక బట్టీలకు, గట్ల విస్తరణకు తాళ్ళు నేలకొరగుచున్నవి. చెట్టు ఎక్కువారు తగ్గుచున్నారు. తేగలు, బుర్రగుంజు పేదవారి తిండియని చిన్నచూపు చూచిన కాలము ఒకటి గడచినది. అరమూరలో దొరకు కాల్చిన తేగల కట్టను విడిచి, ఎక్కడో వేయించి సంచులలో బిగించిన చిప్సును కొనుట నాగరికత యనిపించినది. ఇప్పుడు అవే తేగలను పట్టణములవారు రహదారి పక్క కార్లు ఆపి కొనుచున్నారు. ఈ ఆదరము నిలువవలెనన్నచో గట్టు మీది చెట్టు నిలువవలెను.

ఇంటిలో చేయదగిన పని చిన్నది. సాయంకాలము నాలుగు గంటల వేళ ఇంటివారికి ఏమి పెట్టవలెనను ప్రశ్న ప్రతి గృహిణికి వచ్చునదే. ఋతువును అనుసరించినచో సమాధానము సులభము. వేసవిలో ముంజెలు, కీరదోస, పుచ్చకాయ. వానలలో కాల్చిన మొక్కజొన్న, శనగ గుగ్గిళ్ళు. చలికాలములో తేగలు, జామకాయలు. ఏ కాలమునందైనను వడపప్పు, ఉల్లి నిమ్మరసము కలిపిన మరమరాలు, ఆవిరి కుడుము. జంతికల డబ్బాను అటక మీదికి ఎక్కించి, పండుగకు దింపినచో దాని రుచియు పెరుగును.

ఆకలి కాలమున కోనసీమవారు తిండిని ఒలిచి, చీల్చి, కొరికి, నమిలి తినిరి. కొంచెముతో తృప్తి పొందవలసి వచ్చినది గనుక అట్లు తినిరి. కలిమి కాలమున మనకు ఆ బలవంతము లేదు. అయినను ఆ తిండి మన నేలలో ఇంకను మొలచుచున్నది, మన బజారులో ఇంకను అమ్ముడుపోవుచున్నది. లేమి నాడు బ్రతుకు నిలిపినదానిని కలిమి నాడు ఇష్టపడి ఎన్నుకొనుట మన చేతిలోని పని.